ఆర్డరు నేత: ఎప్పుడు ఒప్పుకోవాలి, ఎప్పుడు వద్దనాలి

(మాధవరం సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభ మాధవరంలో పెట్టడం మంచిదైంది. 2018లో ఇక్కడ బస్టాండు తెరిచిన దగ్గరనుంచి ఆంధ్రా వైపు బస్సులు ఇక్కడే ఆగుతున్నాయి. మా ఊరివాళ్ళు బస్సు దిగి నడిచి వచ్చేశారు.

మమ్మల్ని ఏదైనా ఒక విషయం మీద మాట్లాడమన్నారు. మాది ఎనిమిదో తరగతి చదువు. పెద్ద విషయాలు మాట్లాడలేము. సంఘంలో వారానికి రెండు మూడు సార్లు వచ్చే తగువు ఒకటి ఉంది, దాని గురించి చెబుతాము. ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "మాకు ప్రత్యేకంగా నేసి ఇవ్వాలి, మా డిజైను, మా రంగు, మా కొలత" అంటారు. పెళ్ళివాళ్ళు కావచ్చు, బట్టల షాపువాళ్ళు కావచ్చు, హోటలువాళ్ళు కావచ్చు. ఈమధ్య మన పిల్లలే ఆన్‌లైన్లో దుకాణం పెట్టి, "నాన్నా, కస్టమరు ఇలా అడుగుతున్నారు, నేసి పెట్టు" అంటున్నారు. ఒప్పుకోవాలా, వద్దనాలా? ఒప్పుకుంటే ఎంతకు? ఇదీ విషయం.

ఇది మనకు కొత్త పని కాదు. మన తాతల తాతలు బతికింది ఈ ఆర్డరు నేత మీదే. ఇక్కడికి దగ్గర్లోనే తిరువొత్తియూరు పక్కన కాలడిపేట ఉంది. ఆ పేరు కాలెట్ అనే కంపెనీ గవర్నరు పేరు. మూడు వందల ఏళ్ళ కింద నేతపనివాళ్ళ కోసం వేసిన పేట అది. తరవాత 1734లో పిట్ అనే గవర్నరు కాలంలో చింతాద్రిపేట వేశారు. చిన్న తరి పేట, తరి అంటే తమిళంలో మగ్గం. నూలు వడికేవాళ్ళను, నేసేవాళ్ళను, అద్దకం వాళ్ళను తెచ్చి అక్కడ కుదిర్చారు. ఎందుకు? ఓడ వచ్చే వేళకు వాళ్ళకు కావలసిన కొలతలో, వాళ్ళకు కావలసిన నాణ్యంలో బట్ట కావాలి గనుక. నమూనా గుడ్డ ఇచ్చేవారు, దాన్ని మస్టరు అనేవారు. అడ్వాన్సు ఇచ్చేవారు. నేసిన తాను తెచ్చి మస్టరు పక్కన పెట్టి చూసి, బాగుంటే ఒక ధర, తగ్గితే ఇంకో ధర, లేకపోతే వద్దనడం.

అందులో ఒక సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. మొదట్లో నేతగాడికి ఒక వీలు ఉండేది. నచ్చకపోతే అడ్వాన్సు తిరిగి కట్టేసి ఒప్పందం వదులుకోవచ్చు, తన బట్ట తాను వేరేవాళ్ళకు అమ్ముకోవచ్చు. కంపెనీ చేతికి రాజ్యం వచ్చాక ఆ వీలు పోయింది. అడ్వాన్సు తీసుకున్నవాడు కంపెనీకే నేయాలి, బయట అమ్మితే శిక్ష. ఆర్డరు నేత మనల్ని నిలబెట్టింది, అదే మన మెడకు తాడూ అయింది. వద్దనే వీలు మనకు ఉన్నంతకాలం అది నిలబెడుతుంది.

సరే, ఇప్పటి మాటకు వద్దాము.

"ప్రత్యేకంగా నేసి ఇవ్వండి" అని వచ్చినవాళ్ళు అడిగేది నిజానికి మూడు నాలుగు రకాలుగా ఉంటుంది. వాళ్ళకు అన్నీ ఒకటే. మగ్గం మీద కూర్చున్నవాడికి ఒకటి కాదు. పేక రంగు మార్చడం ఉంది. మగ్గం మీద తెల్ల పడుగో, పసుపు పడుగో నడుస్తూ ఉంటే, కండెల రంగు మారిస్తే చీర రంగే మారిపోతుంది. ఈ రోజు అడిగితే నూలు రంగు వేసి ఆరిన మరునాడు మొదలుపెట్టవచ్చు. దీనికి భయపడే పని లేదు. ఒక్క చీర అడిగినా ఒప్పుకోవచ్చు. ఇక అంచు, కొంగు డిజైను మార్చడం. డాబీ మీద చిన్న మార్పు అయితే సులువు, జాకార్డు అయితే గ్రాఫు గీయించాలి, అట్టలు కొట్టించాలి, డబ్బు ముందే అవుతుంది. పడుగు రంగు మార్చడం ఇంకో మెట్టు పైన. అన్నిటికంటే పైది అచ్చు మార్చడం, పన్నా మార్చడం. అంటే పోగుల లెక్క, బట్ట వెడల్పు మారిపోవడం. అక్కడ మగ్గమే కొత్తగా కట్టినట్టు.

మేము ఒక లెక్క చెబుతాము, రాసుకునేవాళ్ళు రాసుకోండి. 80 నంబరు నూలు, అంగుళానికి 72 పోగులు, 48 అంగుళాల పన్నా. మొత్తం 3,456 పోగులు. ఎనిమిది చీరల పడుగు అంటే, రవికె గుడ్డతో కలిపి చీరకు 6.3 మీటర్లు వేసుకుంటే, 50 మీటర్లు పైన. నేతలో కుంచించుకుపోయేది, చివర మిగిలేది కలిపి 60 గజాల పడుగు పోయాలి. 80 నంబరు అంటే పౌనుకు 80 చిలపలు, చిలపకు 840 గజాలు. అంటే పౌనుకు 67,200 గజాలు. 3,456 పోగులను 60 గజాలతో హెచ్చిస్తే 2,07,360 గజాలు. భాగిస్తే మూడు పౌన్ల పైచిల్లర, 1 కిలో 400 గ్రాములు. పడుగు నూలు ఇంతే. ఇందులో ఖర్చు పెద్దది కాదు. చాలామంది నూలు లెక్క వేసుకుని ధర చెప్పేస్తారు, అక్కడే దెబ్బ.

ఖర్చు అంతా చేతిపనిలో ఉంది. ఆసు పోయాలి, పడుగుకు గంజి పెట్టి వీధిలో సాపు చేయాలి, 3,456 పోగులు ఒక్కొక్కటిగా పాత పోగులకు అతకాలి. అచ్చు అదే అయితే అతుకు మా ఇళ్ళలో ఒక రోజు పని. అచ్చు మారితే అతుకు కుదరదు. ప్రతి పోగూ కొత్తగా అచ్చులో ఎక్కించాలి, ఒకరు అందిస్తే ఒకరు లాగాలి. ఇద్దరికి రెండు రోజులు. లెక్క కోసం మనిషికి రోజుకు 600 కూలి అనుకుందాం. నాలుగు మనిషి రోజులు, 2,400 రూపాయలు. ఎనిమిది చీరలు నేస్తే చీరకు 300 పడుతుంది. ఇరవై నాలుగు నేస్తే 100. రెండే చీరలు కావాలన్నవాడికి 1,200 పడుతుంది. ఒక్క గుడ్డ కూడా నేయకముందే. ఇందులో మగ్గం ఊరికే ఉన్న రోజుల నష్టం కలపలేదు. అట్టలు, గ్రాఫు 6,000 అయ్యిందనుకోండి, ఎనిమిది చీరల మీద 750, నలభై చీరల మీద 150. అందుకే మేము ఎవరికీ "చీర ఎంత" అన్న ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పము. "ఎన్ని చీరలు" అని అడుగుతాము.

పడుగు చివర మగ్గం మీద మిగిలిపోయే ముక్క కూడా ఉంది, గజం పైనే ఉంటుంది. 60 గజాల పడుగులో అది తెలియదు. పదిహేను గజాల పడుగులో పదిహేనో వంతు నూలు చేతిలో నుంచి పోయినట్టే. ఆడవాళ్ళు దాన్ని తలగడలో దూదికి బదులు కూరుతారు, ఆ మాత్రం దక్కుతుంది.

కాబట్టి ఎవరైనా వస్తే ముందు బీరువా తెరవండి. ప్రత్యేకంగా కావాలని వచ్చినవాళ్ళలో సగం మందికి కావలసింది మన అరలోనే ఉంటుంది, వాళ్ళు చూడలేదు అంతే. ఒక పెళ్ళివాళ్ళు వచ్చి ఆడపడుచులందరికీ ఒకే రంగు, ఒకే అంచు, 21 చీరలు కావాలన్నారు. అంచు డిజైను వాళ్ళే గీసి తెచ్చారు. మేము నడుస్తున్న అంచు చూపించి, పేక రంగు మార్చి అర గజం నేసి చూపించాము. పెళ్ళికూతురి మేనత్త చేత్తో తడిమి చూసి, "ఇది చాలదా అమ్మా, ఆ బొమ్మ ఎందుకు" అన్నది. అట్టల ఖర్చు తప్పింది, పెళ్ళికి పది రోజుల ముందే చీరలు ఇచ్చాము. ఆర్డరు పోయిందా? పోలేదు.

దీనికి పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. మన చీరాల వైపు నేసి, మద్రాసు పేరుతో ఓడలెక్కిన గళ్ళ రుమాలు, రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అంటారు, అది పశ్చిమ ఆఫ్రికాకు తరతరాలుగా పోయింది. నైజీరియాలో సముద్రం పక్కన ఉండే కలబారి అనే జాతివాళ్ళు దాన్ని ఇంజిరి అంటారు. వాళ్ళ ఆడవాళ్ళు ఏం చేస్తారంటే, ఆ గళ్ళ గుడ్డలో కొన్ని పోగులు బ్లేడుతో కోసి, లాగేసి, కొత్త డిజైను తెస్తారు. పెలెటె బిటె అని దాని పేరు. అంటే ఇక్కడ మన మగ్గం మారలేదు, అచ్చు మారలేదు, వాళ్ళకు కావలసిన ప్రత్యేకం వాళ్ళ చేతిలో తయారైంది. చావుకూ పెళ్ళికీ కట్టుకునే మర్యాద బట్ట అయింది. మనం నేసిన పోగును కోసిపారేస్తే మనకు ప్రాణం ఉసూరుమంటుంది, అది వేరే మాట. కానీ తయారు సరుకు మీద కుట్టుపని, అద్దకం, కుచ్చులు, ఇలా చివర్లో చేసే మార్పుతో కస్టమరు సంతోషపడితే అదే మేలు. ఆ పని మన ఇంటి ఆడపిల్లలకే ఇప్పించవచ్చు.

అలా కుదరని చోట నిజంగా ఆర్డరు నేతే కావాలి. దేవుడి విగ్రహానికి కొలత పెద్దది, తొమ్మిది గజాలు చాలదు, అలాంటప్పుడు. పాత చీర చిరిగిపోయింది, అమ్మమ్మది, అలాంటిదే కావాలి అన్నప్పుడు. ఎక్కడా దొరకని పన్నా కావాలన్నప్పుడు. అప్పుడు మేము మా మనసులో వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈయన తీసుకోకపోతే ఇది ఎవరు కడతారు?

ఎవరైనా కడతారు, మన కౌంటర్లో అమ్ముడుపోతుంది అంటే మూడో వంతు అడ్వాన్సు చాలు. కొందరే కడతారు అంటే సగం. ఎవరూ కట్టరు, కంపెనీ గుర్తు నేసి ఉంది, పెళ్ళివాళ్ళ పేర్లు కొంగులో ఉన్నాయి అంటే నూలు, రంగు, అట్టలు, కూలి మొత్తం ముందే చేతిలో పడాలి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. "తెలిసినవాళ్ళే కదా" అంటారు మనవాళ్ళు. తెలిసినవాళ్ళ దగ్గరే బాకీలు ఆగిపోతాయి, మా పుస్తకం తీసి చూపిస్తాము కావాలంటే.

రంగు సంగతి చెప్పాలి. ఇప్పుడు అందరూ ఫోన్లో ఫొటో పంపి ఈ రంగు కావాలంటారు. ఆ ఫొటో ఒక ఫోన్లో నెమలి కంఠం, ఇంకో ఫోన్లో ఆకుపచ్చ. పట్నంలో ఒక షాపువాళ్ళు మా సభ్యుడి దగ్గర నలభై చీరలు చెప్పి, అన్నీ అయ్యాక రంగు వేరే ఉందని సగం డబ్బు ఆపారు. మనిషి అప్పు చేసి నూలు కొన్నాడు, ఇంట్లో కూతురి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల. మేము సంఘం తరఫున వెళ్ళాము. మా దగ్గర నమూనా ముక్క ఉంది. నేత మొదలుపెట్టే ముందు అర గజం నేసి, దాన్ని రెండుగా కోసి, రెండిటి మీదా షాపువాళ్ళ సంతకం పెట్టించి, ఒకటి వాళ్ళకు, ఒకటి మాకు. ఆ ముక్క తీసి బయట వెలుతురులో చీర పక్కన పెట్టాము. ఒకటే రంగు. మాట పెరగలేదు, డబ్బు వచ్చింది. కంపెనీవాడి మస్టరు వాడి చేతిలోనే ఉండేది. మనది మన చేతిలో కూడా ఉండాలి.

రంగు ఒకేసారి వేయించండి. ఇరవై చీరలకు నూలు పది పది చీరల కింద రెండుసార్లు వేస్తే రెండు రంగులు వస్తాయి, అద్దకం చేసే ఎవరినైనా అడగండి. పదో వంతు ఎక్కువ నూలు అదే గంగాళంలో వేసి పెట్టుకోండి. ఉతికే పద్ధతి కాగితం మీద రాసి ఇవ్వండి. మద్రాసు గళ్ళ గుడ్డ 1958 ప్రాంతంలో అమెరికా పోయినప్పుడు చన్నీళ్ళలో విడిగా ఉతకాలన్న మాట కొన్నవాళ్ళ దాకా చేరక రంగు కారి గొడవ అయిందని, తరవాత ఆ రంగు కారడమే గొప్ప అని ప్రచారం చేసి అమ్ముకున్నారని చెబుతారు. వాళ్ళకు చెల్లింది. మన దగ్గర చీర రంగు కారితే అత్తగారి ఫోన్ వస్తుంది.

ఇప్పుడు మా సంఘంలో నిజంగా తగువైన సంగతి. ఒక హోటలువాళ్ళు కర్టెన్లకు 600 మీటర్ల గుడ్డ అడిగారు. పన్నా 60 అంగుళాలు, గడువు 40 రోజులు. ధర మేము మామూలుగా అమ్మేదానికంటే బాగా ఎక్కువ. మా మగ్గాలు 50 అంగుళాలవి. గుంట మగ్గాలు, ఒకే మనిషి నాడె ఆడించేవి. మీటింగులో పెద్ద గొడవ. కుర్రవాళ్ళు "వచ్చిన లక్ష్మిని కాలితో తంతారా" అన్నారు. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ నెల చీరలు కదలడం లేదు, రెండు కుటుంబాలు పనిలేక కూర్చున్నాయి.

మేము బోర్డు మీద లెక్క రాశాము. మగ్గానికి రోజుకు 4 మీటర్లు. 600 మీటర్లంటే 150 మగ్గం రోజులు. అయిదు మగ్గాలు పెడితే 30 రోజులు. మిగిలిన పది రోజుల్లో అయిదు మగ్గాలకు చట్రం వెడల్పు చేయించాలి, కొత్త అచ్చులు కట్టించాలి, పడుగులు ఎక్కించాలి. వడ్రంగి ఒక్కడు. వర్షం వస్తే గంజి పడుగు ఆరదు. ఒక ఇంట్లో చావు వస్తే పదకొండు రోజులు మగ్గం ఆగుతుంది. అదీ మన లెక్కలో ఉండాలి కదా. పని అయ్యాక ఆ 60 అంగుళాల మగ్గాల మీద ఏం నేస్తాము? హోటలు మళ్ళీ అడుగుతుందా? అడుగుతామని రాసి ఇవ్వమన్నాము, ఇవ్వలేదు.

అప్పుడు ఒకాయన నెమ్మదిగా ఇంకో మాట అన్నాడు. "సగం మనం నేద్దాం, సగం పవర్‌లూములో కొని కలిపేద్దాం, కర్టెను కదా, ఎవరు చూస్తారు." ఈ మాట ప్రతి సంఘంలోనూ ఏదో ఒక రోజు వస్తుంది, అందుకే ఇక్కడ చెబుతున్నాము. చేనేతకు అని కొన్ని రకాలు వేరుగా కేటాయించిన చట్టం 1985లో వచ్చింది. మొదట 22 రకాలు, తరవాత 11కు తగ్గించారు. కర్టెను ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది కాదు ఇక్కడ. చేనేత అని బిల్లు రాసి మర బట్ట ఇస్తే, పవర్‌లూము వాళ్ళు చేస్తున్నారని మనం ధర్నా చేసే పని మనమే చేసినట్టు.

ఆ ఆర్డరు వద్దన్నాము. హోటలువాళ్ళకు ఫోన్ చేసి, వెడల్పు మగ్గాలున్న వేరే ఊరివాళ్ళ వివరం చెప్పాము. వాళ్ళు నేసి ఇచ్చారు, బాగా వచ్చిందని విన్నాము. మా కుర్రవాళ్ళు ఇద్దరు ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడరు. ఆ ఊరివాళ్ళ మగ్గానికి అది సరిపోయింది, మా మగ్గానికి సరిపోయేది కాదు అని మేము చెబుతాము. వాళ్ళు ఒప్పుకోరు. ఆ నెల పనిలేని రెండు కుటుంబాల్లో ఒకరు తువ్వాళ్ళ నేతకు మారారు, ఒకరు మగ్గం ఆపి పట్నంలో సెక్యూరిటీ పనికి పోయారు. ఆయన మగ్గం ఇంకా గుంటలోనే ఉంది, పైన పట్టా కప్పారు. ఇవన్నీ కలిపి చూసి మీరే తేల్చుకోండి.

డిజైను గ్రాఫులకు, కొత్త రంగులకు ప్రైవేటువాళ్ళ దగ్గరికి పోయే ముందు వీవర్స్ సర్వీస్ సెంటర్ల దగ్గరికి వెళ్ళండి. చెన్నైలో ఉంది, కాంచీపురంలో ఉంది, విజయవాడలో, హైదరాబాదులో ఉన్నాయి. అడిగేవాళ్ళు తక్కువ. మగ్గం పని వదలకుండా చదువుకోవాలనుకునే పిల్లలకు వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరున ఉన్న చేనేత ఇన్‌స్టిట్యూట్ ఉంది. కంప్యూటర్లో డిజైను వేసే పిల్ల ఇంట్లో ఒకరుంటే, ఇందాక చెప్పిన ఆరు వేల ఖర్చు చాలా తగ్గుతుంది.

ఆన్‌లైన్లో అమ్మే పిల్లలకు ఒక మనవి. "ఏ రంగు అయినా, ఏ డిజైను అయినా నేసి ఇస్తాము" అని పెట్టకండి. నడుస్తున్న పడుగులు ఏవో ఫొటో తీసి పెట్టండి. "ఈ పడుగు మీద మీకు నచ్చిన పేక రంగు, పదిహేను రోజులు" అని రాయండి. పడుగు మారాలంటే కనీసం ఎనిమిది చీరలు అని రాయండి. గడువు చెప్పేటప్పుడు నేసేవాళ్ళను అడిగి చెప్పండి. మీ నాన్న ఫోన్ చూడడు, మగ్గం మీద ఉంటాడు.

మా సంఘంలో వాడే ఆర్డరు కాగితం ఒక పేజీయే. పేరు, కొలత, పోగుల లెక్క, ఎన్ని, నమూనా ముక్క పిన్ను చేసే చోటు, అడ్వాన్సు, గడువు, చావు పుట్టుకలకు, వానకు ఎన్ని రోజులు అదనం, తీసుకోకపోతే ఏం చేయాలి, రెండు సంతకాలు. తెలుగులో ఒక వైపు, తమిళంలో ఒక వైపు ఉంది. యాభై కాపీలు తెచ్చాము, గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాము, భోజనాలకు వెళ్ళేటప్పుడు తీసుకోండి. చాలకపోతే ఒకటి ఫొటో తీసుకోండి.